ఈమ్ గ్రామపు పొలిమేర

ఇంగ్లండు చూడబోవు మనవారిలో పెక్కుమంది లండను మహానగరమును, అందలి రాజసౌధములను చూచి తృప్తినొంది మరలివత్తురు. ఆ దేశపు పల్లెలను తీరికగా చూచువారు తక్కువ. డర్బీషైరు మండలమున కొండల నడుమ ఈమ్ అను చిన్న గ్రామమొకటి కలదు. 1665, 1666 సంవత్సరములలో ప్లేగు సోకినపుడు ఆ గ్రామస్థులు తమ పొలిమేరను తామే మూసికొని లోపల నిలిచిరి. మన దక్షిణాపథమున ప్లేగు ప్రబలిన దినములలో జనులు ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనెడివారని పెద్దలు చెప్పగా విన్నాము. వీరు చేసినది దానికి విపరీతము. ఆ కథను మేము చదివియే యుంటిమి గాని, ఆ పొలిమేర ఊరికెంత చేరువనున్నదో కాలినడకను పోయి చూచిననాడే తెలిసినది.

షెఫీల్డు నగరమున రైలెక్కితిమి. మూడు మైళ్ళకు మించిన టాట్లీ సొరంగపు చీకటి గడచి వెలుతురు కనబడుటతోడనే గ్రిండిల్‌ఫర్డ్ స్టేషను వచ్చినది. అచ్చటినుండి ఈమ్ రెండు మూడు మైళ్ళు. నడువలేనివారికి షెఫీల్డునుండి బస్సు కలదు. నడువగలవారు మాత్రము బాటనే పట్టవలెను. ఆ దేశమున పొలము ఒకరి సొత్తు, దానిలోని కాలిబాట అందరి సొత్తు. పైరు నడుమనుండియు, గొఱ్ఱెల మందల నడుమనుండియు ఎవరైనను నిర్భయముగా పోవచ్చును. అయితే బంజరు కొండలపై విహరించు స్వేచ్ఛ ఊరక దొరకినది కాదు. 1932లో ఇచ్చటికి చేరువనున్న కిండర్ స్కౌట్ కొండపైకి మాంచెస్టరు ప్రాంతపు కార్మిక యువకులు భూస్వాముల నిషేధమును ధిక్కరించి నడచిరి. వారిలో కొందరు చెరసాల ననుభవించిరి. 1951లో ఈ ప్రాంతమంతయు ఆ దేశపు మొట్టమొదటి జాతీయ వనముగా ప్రకటింపబడినది. పొలమునకు పొలమునకు నడుమ సున్నము లేక పేర్చిన రాతిగోడలు. వానిలో మనిషి ప్రక్కకు తిరిగి దూరదగిన సందులుండును, గొఱ్ఱె దూరజాలదు. చీర కట్టుకొని ఈ సందులను దాటుట తేలికపని కాదని సోదరీమణులకు ముందుగనే మనవి చేయుచున్నాము. కుచ్చిళ్ళు పైకి దోపుకొని, బురదకు తాళగల బూట్లు తొడుగుకొనుట మేలు.

ఊరు చూడ ముచ్చటగా నున్నది. బూడిదరంగు రాతియిండ్లు, వాకిళ్ళ ముందు పూలమొక్కలు. కాని కొన్ని యిండ్ల ముందు చిన్న పలకలు నాటియున్నవి. ఆ యింట ఎవరెవరు ఏనాడు మరణించిరో వానిపై వ్రాసియున్నది. నేటికిని అవి కాపురములున్న యిండ్లే. పలకను చదువుచు తలయెత్తి చూతుమా, గవాక్షమునుండి ఒక యిల్లాలు పాత్రలు కడుగుచు కనబడును.

చర్చికి చేరువనున్న యింటిలో మేరీ కూపర్ అను వనిత నివసించెడిది. 1665 వేసవి కడపట లండనునుండి ఆ యింటికొక బట్టలమూట వచ్చినది. అందు బస చేసిన జార్జి వికర్స్ అను దర్జీ, తడిసియున్న ఆ బట్టలను నిప్పుసెగకు ఆరవేసెనట. కొలదిదినములలో అతడు మరణించెను. ఎలుకలనంటియుండి గెంతు చిన్న పురుగులే తెవులును మోసినవని ఆనాడెవరికిని తెలియదు. ఆ సంగతిని పాల్ లూయీ సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీ నగరమున ప్రయోగము చేసి కనుగొనెను. ఊరిలోని ప్రదర్శనశాల కప్పుపై గాలివాటము తెలుపు సూచిక ఎలుక ఆకారముననే యున్నది.

చర్చి ఆవరణలో ఆంగ్లోసాక్సనుల కాలపు రాతిశిలువ యున్నది. దక్షిణపు గోడపై 1775 నాటి నీడగడియారమున్నది. యాత్రికులు వీనినే ఎక్కువగా చిత్రములు తీసికొందురు. మా కన్నులు శిలువ చెంతనున్న కాథరిన్ మాంపెసన్ సమాధిపై నిలిచినవి. ఆమె ఆ ఊరి మతగురువైన విలియం మాంపెసన్ భార్య. ప్లేగు ముదిరినపుడు పిల్లలిద్దరిని దూరప్రాంతమునకు పంపివేసిరి. పిల్లలతో నీవును పొమ్మని భర్త బ్రతిమాలినను ఆమె పోలేదు. ఒకనాటి సాయంకాలము భర్తతో పొలమున నడచుచు, గాలి ఎంత తీయగా నున్నదని పలికెనట. అకారణముగా తీపివాసన తోచుట ప్లేగు లక్షణమని నాటివారి నమ్మకము. 1666 ఆగస్టు 25వ తేదీన ఆమె మరణించెను. అప్పటికామెకు ముప్పదియేండ్లైనను నిండలేదు.

ఆ జూను మాసముననే మాంపెసనును, పూర్వపు గురువైన థామస్ స్టాన్లీయును కలిసి ఊరివారిని ఒప్పించిరి. ఇరువురికిని మతవిషయమున పొత్తు లేదు. ఆపద వారిని కలిపినది. ఎవరును పొలిమేర దాటరాదు. చర్చికి తాళము వేసి ప్రార్థనలు బయలున జరుపవలెను. ఎవరి మృతులను వారే తమ తోటలలో, పొలములలో పాతిపెట్టుకొనవలెను. డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపుటకు ఏర్పాటు చేసెను. చుట్టుప్రక్కలవారు పొలిమేరయొద్ద సరకులుంచి పోయెడివారు.

పొరుగూరైన స్టోనీ మిడిల్టన్ పోవు బాటలో నాటి పొలిమేరరాయి నేటికిని పడియున్నది. పచ్చికనడుమ ఒక బండ. దానిలో చిన్న చిన్న గుంటలు. వానిలో వెనిగరు పోసి, సరకుల వెలను అందులో ముంచి యుంచెడివారట. ఈమ్ గ్రామపు కడపటి యిల్లు దాటిన పిమ్మట అది అర్ధమైలైనను లేదు. గోడ లేదు, కందకము లేదు, కావలివాడు లేడు. క్రింద పొరుగూరి కప్పులు కనబడుచుండును. రాత్రివేళ బిడ్డను చంకనిడుకొని ఒక తల్లి పోదలచినచో అడ్డగించువారెవ్వరు? ఆ రాతిచెంత మేము చాలసేపు కూర్చుంటిమి.

కలిగినవారు కొందరు ముందే వెడలిపోయిరనియు, ఈ గాథలో కొంత తరువాతివారు చేర్చినదనియు నేటి చరిత్రకారులు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని పదునాలుగు మాసములలో సుమారు 260 మంది మరణించిరని సాధారణముగా చెప్పుదురు. గురువుల పేర్లు గ్రంథములలోనికెక్కినవి. ఆ కట్టుబాటును దినదినము ఇండ్లలో మోసినది ఆడువారని మాకు తోచినది.

ఊరికి దగ్గరనే కక్లెట్ డెల్ఫ్ అను పచ్చని లోయ కలదు. బయలు ప్రార్థనలు జరిగినదిచ్చటనే. ఈమ్ కన్యయైన ఎమట్ సిడాల్, స్టోనీ మిడిల్టన్ యువకుడైన రోలండ్ టోర్ ఈ లోయలోనే దూరదూరముగా నిలిచి ఒకరినొకరు చూచుకొనెడివారట. ఏప్రిలులో ఆమె రాక మానినది. ఏటేట ఆగస్టు కడపటి ఆదివారమున ఇచ్చట మృతుల సంస్మరణ జరుగును. ఆ దినములలోనే బావుల అలంకారమును చూడవచ్చును. చెక్కపలకలపై తడిమట్టి మెత్తి, దానిలో పూరేకులను, ఆకులను, గింజలను ఒక్కొక్కటిగా ఒత్తి చిత్రములు తీర్తురు. సంక్రాంతి ముగ్గులు పెట్టిన చేతులకు ఆ ఓర్పు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. కొండపై హెదర్ పొదలు ఊదారంగున విరియుటయు ఆ మాసముననే. కావున పోదలచినవారు ఆగస్టులోనే పోవలెను. 1672 నాటి ఈమ్ హాలు అను భవనమును బయటినుండి చూచిన చాలును.

తిరుగుదారిలో ఊరికి తూర్పున రైలీ సమాధులను చూచితిమి. పొలము నడుమ గుండ్రని రాతిగోడ, దానిలో ఏడు సమాధిశిలలు. ఎలిజబెత్ హాంకాక్ అను రైతు యిల్లాలు 1666 ఆగస్టులో ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను కోల్పోయి, అందరిని తన చేతులతోనే పాతిపెట్టినది. తాకుటకు వెరచి, మృతుల కాళ్ళకు గుడ్డకట్టి ఈడ్చుకొనిపోయెనట. ఎదుటి కొండపైనుండి స్టోనీ మిడిల్టన్ వారు చూచుచుండిరట. దగ్గరకు రాగలవారెవ్వరును లేరు. ఆమెకు తెవులు సోకలేదు. మిగిలిన కుమారుడొకడు షెఫీల్డులో నుండగా ఆమె వాని యొద్దకు పోయినదని చెప్పుదురు. గోడలోపల గడ్డి చక్కగా కోసియున్నది. చుట్టును గొఱ్ఱెలు మేయుచున్నవి. మేము ఒక్కొక్క శిలపై పేరును చదివి, సందెవేళకు స్టేషనునకు దిగితిమి.