నైలు పడమటి ఒడ్డున ఒక రోజు

లక్సరు పట్టణమునకు నైలునదియే సరిహద్దు గీత. ప్రాచీనులు తూర్పు ఒడ్డున ఇండ్లు, దేవాలయములు కట్టుకొని, సూర్యుడు క్రుంకే పడమటి దిక్కును చనిపోయినవారికి విడిచిపెట్టారు. ముందురోజు మేము తూర్పున కర్నాక్ ఆలయము చూచాము. అక్కడి మండపములో 134 స్తంభములు. నడుమనున్న 12 స్తంభములు ఒక్కొక్కటి 21 మీటర్ల ఎత్తు. వేయికాళ్ళ మండపములు చూచిన కండ్లు మావి. అయినా మెడలు నొప్పిపుట్టేదాకా తలలెత్తి నడిచాము.

పడమటి ఒడ్డుకు మాకు ఒక్క రోజే మిగిలింది. తెల్లవారుజామున రొట్టెలు, ఖర్జూరపుపండ్లు మూటగట్టుకొని మోటారు పడవలో నది దాటాము. గైడు ఆ ఊరివాడే, ఓపికగలవాడు. ఆవలి ఒడ్డున చెరకు తోటలు, గడ్డిమోపులు మోసే గాడిదలు, పొలముగట్ల మీద కొంగలు కనబడ్డాయి. ఇదంతా చూస్తే పరదేశమనిపించలేదు. కాని ఆ పచ్చదనము కొంతదూరము సాగి, కత్తితో కోసినట్లు ఆగిపోతుంది. ఒక అడుగు ఇటు పైరు, ఒక అడుగు అటు ఇసుక. ఆ దాపుననే మూడవ అమెన్‌హోటెప్ రాజు విగ్రహములు రెండు, సుమారు 18 మీటర్ల ఎత్తువి, ముఖములు చెదిరిపోయి కూర్చుని ఉన్నవి. వెనుకనున్న ఆలయము చాలవరకు పోయినది. వాకిట కూర్చున్నవారు మిగిలారు.

రాజుల లోయలో చెట్టు లేదు, నీడ లేదు. బోడికొండలను తొలిచి రాజులను దాచారు. ఇంతవరకు 60కి పైగా సమాధులు, గుంటలు బయటపడ్డాయి. ఎంత దాచినా దాదాపు అన్నిటినీ పూర్వకాలమందే దొంగలు దోచుకొన్నారు. మేము మొదట దిగినది ఆరవ రామెసెస్ సమాధిలోకి. లోపలి గది పైకప్పు పొడుగునా నూత్ అనే ఆకాశదేవత పరచుకొని ఉన్నది. ఆమె సాయంకాలము సూర్యుని మ్రింగుతుంది. రాత్రంతా ఆయన ఆమె దేహములో నడిచి, తెల్లవారేసరికి మళ్ళీ పుడతాడు. 3,000 ఏండ్లు దాటిన ఆ రంగులు ఇంకా మెరుస్తున్నవి.

తరువాత టూటంకామున్ సమాధి. లోపల గైడ్లు మాట్లాడరాదని నిబంధన. అందుచేత అతడు పైననే అంతా చెప్పాడు. 1922 నవంబరు 4వ తేదీన హోవర్డ్ కార్టర్ మనుషులకు మొదటి మెట్టు దొరికినది. రామెసెస్ సమాధి తొలిచిన రాళ్ళు, పనివారి గుడిసెలు దీని వాకిలిమీద పడినందున అన్నివేల ఏండ్లు ఎవరి కంటా పడలేదు. బంగారు శవపేటిక ఒక్కటే 110 కిలోలట. ఆ సొమ్మంతా కైరోకు తరలించారు. ఇంతా చెప్పి చివరకు, ‘‘లోపలి గదిలో ఒక కొయ్యపెట్టె కూడా దొరికిందండీ. అందులో రెండు చిన్న శవపేటికలు. నెలలు నిండక పోయిన ఇద్దరు ఆడబిడ్డలు. ఈ రాజు కూతుళ్ళేనంటారు’’ అన్నాడు.

‘‘వాళ్ళ పేర్లేమిటి?’’ అని ఇద్దరమూ ఒక్కసారే అడిగాము.

‘‘పేర్లు లేవండీ. పేటికలమీద ‘ఒసైరిస్’ అని మాత్రమే వ్రాసి ఉన్నది. చనిపోయిన ప్రతివారినీ ఆ దేవుని పేరుతోనే పిలిచేవారు.’’

ఇక్కడ మా సంగతి చెప్పక తప్పదు. 1986లో మాకు తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది, పుట్టి ఏడవలేదు. పెద్దలు గుడ్డలో చుట్టి తీసుకొనిపోయారు. అటువంటి బిడ్డకు దహనము లేదు, దినము లేదు, బారసాల అసలే లేదు. ‘‘మరిచిపొండర్రా, మళ్ళీ పుడతారు’’ అన్నారు. మళ్ళీ ఇద్దరు పుట్టారు. మరిచిపోవడము మాత్రము మాచేత కాలేదు. ఎక్కడ పూడ్చారో మేము అడగలేదు, వారు చెప్పలేదు. ఆ పెద్దలలో ఎవరూ ఇప్పుడు లేరు. ఇన్నేండ్లలో ఆ మాట మా ఇద్దరి మధ్య నాలుగుసార్లు వచ్చి ఉంటే ఎక్కువ.

16 మెట్లు దిగాము. రాజుల సమాధులలో ఇది చాల చిన్నది. అద్దాల పెట్టెలో నారబట్ట కప్పుకొని ఆ కుఱ్ఱరాజు పడుకొని ఉన్నాడు. నల్లబడిన ముఖము, పాదములు మాత్రము కనబడతాయి. పోయేనాటికి 19 ఏండ్లకు మించని వయస్సు. అందరూ రాజును చూస్తున్నారు. మాకు ఆయన రాజుగా కనబడలేదు. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న పిల్లవాడు. ఏమీ మాట్లాడకుండా పైకి వచ్చాము.

పిమ్మట హత్‌షెప్సుత్ రాణి ఆలయము. నిట్టనిలువు కొండ క్రింద మూడు వరుసల అరుగులు. పుంట్ దేశమునుండి సాంబ్రాణి చెట్లను వేళ్ళతో తెచ్చిన ఓడల బొమ్మలు గోడమీద ఉన్నవి. ఆమె పోయిన తరువాత, మూడవ తుత్‌మోస్ పాలనలో, ఆమె పేరును రూపమును చాలచోట్ల ఉలితో చెక్కివేశారు. పేరు పోతే పరలోకములో మనిషే ఉండడని వారి నమ్మకము. మరొకనాడైతే ‘అయ్యో’ అని సాగిపోయేవారమే. ఆ రోజు ఆ మచ్చల ముందు చాలసేపు నిలబడ్డాము.

ఎండ వాలుతుండగా దేర్ ఎల్ మదీనా చేరాము. రాజుల సమాధులు తొలిచి రంగులు వేసిన పనివారి ఊరిది. మూడవ రామెసెస్ పాలన 29వ ఏట కూలిగింజలు సమయమునకు అందక, వీరు పని మాని వెళ్ళి ఆలయముల దగ్గర కూర్చున్నారట. అక్కడ సెన్నెజెమ్ అనే పనివాని సమాధి ఉన్నది. పరలోకములో అతడు అరక దున్నుతున్నాడు, వెనుక భార్య ఇనెఫెర్తి విత్తనములు చల్లుతున్నది. ఇద్దరి పేర్లూ గోడమీద నిలిచి ఉన్నవి. ఆ రోజు చూచిన వాటిలో మాకు మిక్కిలి నచ్చినది ఈ చిన్నగదియే.

తిరుగు పడవలో ఎవరమూ లేము, మేమిద్దరమూ పడవవాడూ తప్ప. ఆడపిల్లయితే పెట్టుదామని అప్పట్లో ఒక పేరు అనుకొన్నాము. ఆ పేరు తరువాతి పిల్లలకు పెట్టలేదు, పైకి అననూ లేదు. పడవ నడినీటికి వచ్చినప్పుడు ఆ పేరు పలికి, దోసిట నీరు తీసి విడిచాము. శాస్త్రము దీనికి ఒప్పుకొంటుందో లేదో తెలిసినవారు చెప్పాలి. పడవవాడు మాత్రము ఏమీ అడగకుండా, మేము లేచేవరకు మోటారు ఆపి ఉంచాడు.