మార్లవాయి బడి చెప్పే యుద్ధ పాఠం

ఉట్నూరు నుంచి జైనూర్ దారి పట్టుకుంటే రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు, వాటి వెనక గుట్టలు. జైనూర్ మండలంలోనే ఉంది మార్లవాయి. అక్కడ పక్కపక్కనే రెండు సమాధులు. ఒకటి మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది, రెండోది ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ది. ఏటా జనవరి 11న ఇక్కడ గోండులు ఆ దంపతుల వర్ధంతి జరుపుతారు. మానవశాస్త్రం మీద ఆసక్తితో నేను ఈ ఊరికి రాలేదు. యుద్ధం వద్దని అన్నా, ఢిల్లీ రాజకీయాల మీద నోరు విప్పినా చిన్న ఊరి టీచర్‌కు ఎదురయ్యే మాట ఒకటుంది: "సార్, మీరు పాఠం చెప్పుకోండి, ఇవన్నీ మీకెందుకు?" ఆ మాట ఎంత తప్పో తెలియాలంటే మార్లవాయిని మించిన చోటు లేదని నా నమ్మకం. యుద్ధాన్ని ఆపే పని మొదలయ్యేది బడిలోనే. ఆ పని చేసేవాడికి యుద్ధం గురించి మాట్లాడే హక్కు అందరికంటే ముందే ఉంటుంది.

ఈ ఊరి బడి పుట్టిందే యుద్ధంలోంచి. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి హైమన్‌డార్ఫ్ దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. పుట్టింది ఆస్ట్రియాలోనే అయినా బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అందుకని హైదరాబాద్ సంస్థానం దాటి పోకుండా కట్టడి చేశారు. ఆ మరుసటి ఏడాదే, 1940లో, ఇక్కడికి దగ్గర్లోని జోడేఘాట్ గుట్టల్లో తిరగబడిన గోండుల నాయకుడు కొమురం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం చివరికి ఆ శత్రుదేశస్థుడికే అప్పగించింది. ఆయన మార్లవాయిలో కాపురం పెట్టి, 1943లో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం తెరిపించాడు. ఈ ప్రాంతంలో అప్పటికే మరాఠీ అలవాటు ఉండడంతో గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు. బడితో పాటు భూమి పట్టాలూ వచ్చాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో 11 వేల మందికి పైగా ఆదివాసులకు దాదాపు 1.6 లక్షల ఎకరాలు దక్కాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని పక్కకు నెట్టడానికి లేదు. ఇదంతా మరో భీం పుట్టకుండా నిజాం సర్కారు వేసిన ఎత్తు కదా, శాంతి పేరుతో చల్లార్చడమే కదా అంటారు. సర్కారు ఉద్దేశం అదే అయి ఉండవచ్చు, నేను కాదనను. కానీ పట్టా చేతికి వచ్చిన రైతుకూ, తన భాషలో రాయడం నేర్చిన కుర్రాడికీ దక్కింది నిజమైన బలం. ఆ బలం కరిగిపోయినప్పుడు ఏమైందో కూడా ఈ నేలే చూసింది. వలస వచ్చినవాళ్ల చేతుల్లోకి భూములు జారిపోయాక, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంటే పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మందేనని సర్కారు లెక్క. పౌరహక్కుల వాళ్లు చెప్పే సంఖ్య దానికి ఎన్నో రెట్లు.

విని అర్థం చేసుకునే భాష లేనిచోట తుపాకీ త్వరగా వస్తుంది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. ఒకటో తరగతి గోండు పిల్ల ఇంట్లో నీళ్లను 'ఏర్' అంటుంది. బడిలో అడుగుపెట్టగానే అది 'నీళ్లు' అవుతుంది. భాష తెలియని టీచర్‌కు ఆ పిల్ల మొద్దులా కనిపిస్తుంది. తెలిసిన టీచర్ అయితే మన తెలుగు 'ఏరు'ను చూపించి రెండూ అక్కాచెల్లెళ్లేనని ఒక్క పూటలో చెప్పేస్తాడు. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3 వెనక ఉన్నది ఈ అవసరమే. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తీర్పును గౌరవిస్తూనే అడుగుతున్నాను: మరి ఆ పిల్లకు 'ఏర్' అంటే తెలిసిన సార్‌ను ఎవరిస్తారు?

దేశ రాజకీయాల సంగతికి వస్తే, 2003లో బోడో భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. అదే ఏడాది సాయుధ బోడో దళంతో కుదిరిన ఒప్పందంలో అదొక షరతు. బోడోలకు అది న్యాయంగా రావలసిందే, సంతోషం. 2011 జనాభా లెక్కల్లో బోడో మాట్లాడేవాళ్లు దాదాపు 15 లక్షలు, గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. గోండీ ఇప్పటికీ ఆ షెడ్యూల్‌లో లేదు. ఆయుధం పట్టినవాళ్ల భాషను విని, వాళ్లకు రెట్టింపు ఉన్నవాళ్ల భాషను వినకపోతే పిల్లలకు మనం నేర్పుతున్నది ఏమిటి? యుద్ధం వద్దనే మాటకు ఇక్కడ అర్థం ఇదే: తుపాకీ రాకముందే వినండి.

సరిహద్దులో సైనికులు ప్రాణాలొడ్డుతుంటే శాంతి మాట వాళ్ల గుండె నీరు కారుస్తుందని మరో వాదన. కానీ అంతర్జాతీయ శాంతికి పాటుపడాలని ప్రభుత్వానికి చెబుతున్నది రాజ్యాంగం 51వ అధికరణం. దాన్ని తరగతిలో వివరించడం దేశద్రోహం ఎలా అవుతుంది? 2004 అక్టోబర్‌లో ఎస్.ఆర్. శంకరన్ వంటి పెద్దల చొరవతో అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే హైదరాబాద్‌లో నక్సలైట్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడింది. ఆ చర్చలు నిలబడలేదు, నిజమే. అయినా మాట్లాడడం తప్పని ఆ వైఫల్యం రుజువు చేయలేదు. యుద్ధమంటే ఎక్కడో సరిహద్దులో జరిగేదే కాదని జైనూర్‌కు తెలుసు. ఒక ఆదివాసీ మహిళపై దాడికి నిరసనగా 2024 సెప్టెంబర్ 4న ఇక్కడ బంద్ జరిగితే, అది దుకాణాలు తగలబెట్టేదాకా పోయింది. నిషేధాజ్ఞలు పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ఆ మహిళకు న్యాయం కావాలి. కాలిపోయిన దుకాణాల వాళ్లకూ న్యాయం కావాలి. ఈ రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పి, రెండు వైపుల పిల్లలనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టగల మనిషి ఊళ్లో టీచర్ ఒక్కడే.

టీచర్ పార్టీ జెండా పట్టకూడదు, తరగతిలో ఓటు అడగకూడదు. ఆ నియమం మంచిదే, ఉండాల్సిందే. అంతమాత్రాన టీచర్‌కు రాజకీయం అక్కర్లేదని రాజ్యాంగం అనుకోలేదు. శాసనమండలిలో దాదాపు పన్నెండో వంతు సభ్యులను టీచర్లే ఎన్నుకోవాలని 171వ అధికరణం చెబుతోంది. అయితే ఆ ఓటు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవాళ్లకే. గోండు పిల్లకు మొదటి అక్షరం దిద్దించే ప్రాథమిక పాఠశాల టీచర్‌కు ఆ ఓటు లేదు.