ఆ కొమ్మ కొట్టనివ్వలేదు నాన్న!

మా ఇంటికి ఎవరొచ్చినా కాళ్లు ముందు బాల్కనీలోకే లాక్కెళ్తాయి. అక్కడ పళ్లెంలాంటి కుండీలో ఓ జువ్వి చెట్టు ఉంది. ఎత్తు 20 అంగుళాలే. మొదలు మాత్రం ఏనుగు పాదంలా ఏడంగుళాల వెడల్పు! చూసినవాళ్లు 'ఎంతకు కొన్నారు?' అంటారు. 'కొనలేదండీ, పెంచాం' అంటాను. 'పెంచాను' అని మాత్రం అనను. ఎందుకనరు కదూ... అదే చెబుతున్నా.

2009లో జర్నలిజం డిప్లొమా ముగించి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఓ సెలవుకి తెనాలి వెళ్తే డాబా మీద వాననీటి తూము పక్కన, పగుల్లో ఓ మొలక కనిపించింది. పిట్టలు పండ్లు తిని రెట్ట వేస్తే రావి, జువ్వి గోడల్లో ఇలాగే మొలుస్తాయి. 'గోడ పగలగొడుతుంది, పీకెయ్' అంది అమ్మ. పీకాను. పారేయలేదు. బొన్సాయ్ ప్రదర్శన మీద అప్పుడే ఓ కథనం రాసిన వేడి మీదున్నాను మరి! హాస్టల్‌కి తెచ్చి చిన్న పళ్లెంలో నాటేశాను. తీగ చుట్టాను. కొసలు తుంచాను. మూడేళ్లు గడిచాయి. ఆకులు వచ్చాయి, రాలాయి. మొదలు మాత్రం పెన్సిలంతే ఉంది.

2012లో ఆఫీసు పని మీద కడియం నర్సరీలకు వెళ్లాను. అక్కడో పెద్దాయనకు నా గోడు వెళ్లబోసుకుంటే పకపకా నవ్వాడు. 'తిండి పెట్టకుండా బిడ్డ ఒళ్లు చేయాలంటే ఎలాగమ్మా? ముందు నేలలో వెయ్యి. ఇష్టమొచ్చినట్టు పెరగనీ. పళ్లెం సంగతి తర్వాత!'

అసలు రహస్యం అదేనట. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగుతూ బెరడు లోపల ఏటా కొత్త చెక్క పొరను పేరుస్తుంది. పైన ఎంత ఆకు ఉంటే కింద అంత లావు. పళ్లెంలో పెట్టి ఆకు తుంచుతూ ఉంటే చెట్టు బతుకుతుంది కానీ బలవదు. అందుకే మొదలు లావెక్కేదాకా ఓ కొమ్మను యథేచ్ఛగా వదిలేస్తారు. పని పూర్తయ్యాక దాన్ని కొట్టేస్తారు. కొట్టేయడానికే పెంచే కొమ్మ అన్నమాట.

ఆ వానాకాలమే మొక్కను తెనాలి పెరట్లోకి మార్చాం. వేళ్ల కింద నాపరాయి పలక పెట్టాం... వేరు లోతుకు దిగకుండా పక్కలకు పరుచుకోవాలని. రైల్వే బుకింగ్ క్లర్కుగా రిటైరైన నాన్నకు లెక్కలంటే ప్రాణం. ఏటా సంక్రాంతికి మొదలు చుట్టూ దారం చుట్టి, స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాసేవాడు. 2014లో ఏడంగుళాలు. 2017లో పద్నాలుగు. అప్పటికి నేను వదిలేసిన కొమ్మ ప్రహరీ దాటి డాబా అంచును తాకుతోంది.

'ఇక చాలు నాన్నా, కొట్టేద్దాం' అన్నాను.

'తొందరేంటమ్మాయ్? పొద్దున్నే దీని నీడలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాగా' అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. బొన్సాయ్‌ని మామూలు చెట్టు చేసేస్తున్నాడని అమ్మ దగ్గర సణిగాను. వెళ్లిన ప్రతిసారీ అదే వాదన. ఆయన మాత్రం ఆ కొమ్మ మీద చెయ్యి వేయనివ్వలేదు.

2019 ఫిబ్రవరిలో నాన్న స్నానాలగదిలో జారిపడ్డాడు. తుంటికి ఆపరేషన్ అయింది. మేడమెట్లు ఎక్కలేడు, అమ్మ ఒక్కతే చూసుకోలేదు. నేను ఒక్కదాన్నే సంతానం. ఇల్లు అమ్మేసి మా దగ్గరికి రమ్మన్నాం. 'కూతురింట్లో ఉండటమేంట్రా?' అని చుట్టాలు ఒకటే నస. నాన్న ఔననలేదు, కాదనలేదు. జులైలో సామాను సర్దుతుంటే తనే అన్నాడు... 'ఇక కొట్టమ్మాయ్'.

అడుగున్నర ఎత్తులో రంపం పెట్టించాం. తెల్లగా పాలు కారాయి. మొదలు చుట్టూ తవ్వి పలక మీద పరుచుకున్న వేళ్లను దగ్గరగా కత్తిరించాం. ఆకు లేని మోడు మిగిలింది. దాన్ని గోతాంలో చుట్టి, సామాన్ల వ్యాన్‌లోనే ఎక్కించాం. బయల్దేరేముందు నాన్న దారంతో కొలిచాడు. ఇరవై అంగుళాలు!

హైదరాబాద్‌లో ఇసుక, ఇటుక ముక్కలు, ఎరువు కలిపిన టబ్బులో నాటి బాల్కనీలో పెట్టాం. నాన్న దాని ఎదురుగానే కుర్చీ వేసుకున్నాడు. పేపరు విప్పేవాడు కాదు. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. తప్పు చేశానేమోనని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఇద్దరినీ నేనే కదా వేళ్లతో పెకలించి తెచ్చింది!

ఇరవై అయిదో రోజు పొద్దున వంటింట్లో ఉన్నాను. 'అమ్మాయ్... ఇలా రా!' అని కేకేశాడు. మా ఇంటికొచ్చాక ఆయన గొంతు పైకి వినిపించడం అదే మొదటిసారి. కంగారుగా పరిగెత్తాను. రంపం కోతకు కాస్త కింద, రాగిరంగులో బియ్యపుగింజంత చిగురు.

చిగురు రాగానే అన్నీ చక్కబడ్డాయని చెప్పను. నాన్న అపార్ట్‌మెంట్ కింద పార్కులో తనకో బెంచీ, పలకరించే నలుగురిని సంపాదించుకోవడానికి ఏడాదికి పైనే పట్టింది. చెట్టు 2021లో టబ్బులోంచి పళ్లెంలోకి మారింది. కొమ్మలు పెంచడం, కత్తిరించడం, మళ్లీ పెంచడం... ఆ పని ఇప్పటికీ సాగుతూనే ఉంది.

'చెట్టును హింసించడం కాదూ?' అంటారు కొందరు. వేళకు నీళ్లూ ఎరువూ అందిస్తే బొన్సాయ్ తరాలపాటు బతుకుతుంది. జపాన్‌లో యమాకి కుటుంబం 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చిన పైన్ బొన్సాయ్‌ని 1625 నుంచీ సాకుతున్నారు. 1945లో హిరోషిమా బాంబు నుంచి కూడా బయటపడిందది. ఒక్కరి చేతిమీదుగా అయ్యే పనేనా ఇది?

ఈమధ్య పాత నోటుపుస్తకం తిరగేశాను. పళ్లెంలోకి వచ్చాక ఇన్నేళ్లలో చుట్టుకొలత పెరిగింది ఒకటిన్నర అంగుళమే. నేను కొట్టేద్దామన్న 2017కీ, నాన్న కొట్టమన్న 2019కీ మధ్య పెరిగింది ఆరంగుళాలు! అందరూ నోరెళ్లబెట్టి చూసే ఆ లావు, నాన్న పేపరు చదువుకున్న ఆ రెండేళ్లదే.

రంపం కోత మచ్చ అప్పట్లో మూడంగుళాలు ఉండేది. అంచుల నుంచి బెరడు కమ్ముకొస్తూ ఇప్పుడు రూపాయి బిళ్లంత మిగిలింది. మొన్న సంక్రాంతికి దారం చుట్టి కొలిచాక నాన్న దాని మీద బొటనవేలు పెట్టి చూశాడు.

'పూర్తిగా మూసుకోవడానికి ఇంకా మూడేళ్లు పడుతుందేమోనమ్మాయ్' అన్నాడు.

'పట్టనీ నాన్నా, తొందరేముంది' అన్నాను.