మోజెల్‌కు ఎదురెక్కి

మోజెల్ పెద్ద నదేమీ కాదు. ఫ్రాన్స్‌లో వోజ్ కొండల మీద పుట్టి, 544 కిలోమీటర్లు వంకలు తిరిగి, జర్మనీలో కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలిసిపోతుంది. మన కృష్ణ పొడవులో సగం కూడా లేదు. ఆ కాస్త దూరంలోనే ఫ్రాన్స్, లక్సెంబర్గ్, జర్మనీ మూడింటినీ ఒరుసుకుంటూ పారుతుంది.

నేను స్కూలు మార్పిడి విద్యార్థినిగా ఏడాది ఉన్న జర్మనీలోని ట్రియర్ ఊరు ఈ నది ఒడ్డునే ఉంది. నన్ను ఇంట్లో పెట్టుకున్న కుటుంబంలో అమ్మ, నాన్న, నాకంటే ఏడాది చిన్నవాడు ఒక తమ్ముడు. పక్కవీధిలో నాయనమ్మ. ఆవిడను అందరూ ఓమా అనేవాళ్లు, నేనూ అలాగే అన్నాను. అమ్మానాన్నలను మాత్రం పేరు పెట్టి పిలవమన్నారు. నాకు నోరు రాలేదు. వాళ్లు నా వైపు తిరిగేదాకా ఆగి మాట్లాడేదాన్ని.

2025 వసంతంలో ఒక శనివారం అయిదుగురం కారెక్కి నదికి ఎదురుగా మెట్స్ బయల్దేరాం. మెట్స్ ఫ్రాన్స్‌లో ఉంది. దారి లక్సెంబర్గ్ మీదుగా. విదేశం వెళ్తున్నామన్న సందడి ఆ ఇంట్లో ఎక్కడా లేదు. మాచర్లలో మావాళ్లు గుంటూరు వెళ్లొద్దామన్నట్టే అన్నారు.

ట్రియర్ పాత వంతెన రాతి స్తంభాలు రెండో శతాబ్దంలో రోమన్లు నిలబెట్టినవి. వాటి మీదుగానే ఇవాళ్టికీ కార్లు పోతున్నాయి. నది దాటి ఎడమ గట్టు పట్టుకుంటే ఇగెల్ అనే చిన్న ఊళ్లో రోడ్డు పక్కనే 23 మీటర్ల రాతి స్తంభం కనిపిస్తుంది. అది మూడో శతాబ్దపు బట్టల వ్యాపారుల కుటుంబం తమ సమాధి మీద కట్టించుకున్నది. మధ్యయుగంలో జనం దాని మీది శిల్పాలను కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఇంటివాళ్లవని పొరబడి, పడగొట్టకుండా వదిలేశారట. బట్టల కొట్టువాళ్లదని తెలిసి ఉంటే ఆ రాళ్లు ఎవరి గోడల్లోకో చేరేవి.

ఇంకొంచెం ముందుకెళ్తే సవర్ అనే ఉపనది వచ్చి కలుస్తుంది. దాని మీది చిన్న వంతెన దాటితే వాసర్‌బిల్లిష్, అంటే లక్సెంబర్గ్. అక్కడ వీధి వీధంతా పెట్రోలు బంకులే. పన్ను తక్కువ కాబట్టి జర్మనీ కార్లన్నీ అక్కడే బారులు తీరతాయి. ట్యాంకు నిండేలోగా ఓమా బంకు దుకాణంలోకి వెళ్లి కాఫీ పొడి పాకెట్లు సంచి నిండా తెచ్చుకుంది. జర్మనీలో వేయించిన కాఫీ మీద కిలోకు 2.19 యూరోల ప్రత్యేక పన్ను ఉంది. లక్సెంబర్గ్‌లో ఆ బెడద లేదు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలో ఈ పన్ను ఇంకా ఘోరంగా ఉండేదట. ఓమా వాళ్ల మేనత్త లంగా అంచులో కాఫీ గింజలు కుట్టుకుని సరిహద్దు దాటేదట. పక్కన చిన్నపిల్ల నడుస్తుంటే కస్టమ్స్ వాళ్లకు అనుమానం రాదని ఓమాను వెంటబెట్టుకునేది. 1953లో పన్ను బాగా తగ్గించాక ఆ రవాణా చప్పబడింది. "ఇప్పుడు రసీదు ఇస్తున్నారు, రుచి పోయింది" అంది ఓమా.

అక్కడి నుంచి షెంజెన్ దాకా నదే సరిహద్దు. రెండు గట్ల మీదా ద్రాక్షతోటలు, మధ్యలో నీళ్లు. సరిహద్దు గీత నది నడిమధ్యన ఉంటుందనుకుని, ఎక్కడని అడిగాను. అలాంటి గీతే లేదన్నారు నాన్న. 1816 నాటి ఒప్పందం నుంచీ ఈ మేర నది మొత్తం ఇద్దరి ఉమ్మడి ఆస్తి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ప్రతి చుక్కా లక్సెంబర్గ్‌దీ, జర్మనీదీ. గాలం వేసుకోవాలన్నా ఉమ్మడి నీళ్లకు వేరే లైసెన్సు.

ఈ మాట విన్నాక నాకు చాలాసేపు ద్రాక్షతోటలు కనబడలేదు. మా ఇంటి నుంచి నాగార్జునసాగర్ ఎంతో దూరం లేదు. కుడి కాలువ ఆంధ్రాకి, ఎడమ కాలువ ప్రధానంగా తెలంగాణకి, మధ్యలో డ్యామ్. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ రోజు తెల్లారేసరికి, ఆంధ్రా పోలీసులు డ్యామ్ మీదికొచ్చి ఉన్న 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. అవతల తెలంగాణ పోలీసులు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాశాయి. ఒకే భాష మాట్లాడే మనం గేట్లు లెక్కపెట్టి పంచుకున్నామని కారులో చెబితే తమ్ముడు నమ్మలేదు. ఫోన్లో ఫొటో చూపించాల్సొచ్చింది. అయితే న్యాయంగా చెప్పుకోవాలంటే, వీళ్లు పంచుకునే నది పొలాలకు నీళ్లిచ్చేది కాదు. వానకు పండే ద్రాక్ష ఇది. కాలువ చివర పొలం ఎండుతున్న రైతు ఇక్కడ లేడు. ఉమ్మడి అనడం వీళ్లకు కొంచెం తేలిక.

ఇంతకీ వీళ్లకూ బేరం లేకుండా ఏదీ జరగలేదు. మోజెల్‌లో పెద్ద ఓడలు తిరిగేలా లాకులు కట్టాలని మూడు దేశాలూ సంతకాలు చేసింది 1956లో. తన లొరేన్ ప్రాంతపు ఉక్కు ఫ్యాక్టరీలకు రైన్ దాకా జలమార్గం కావాలని ఫ్రాన్స్ పట్టుబట్టింది. సార్ ప్రాంతం తనకు తిరిగొస్తుంది కదా అని పశ్చిమ జర్మనీ ఒప్పుకుంది. 1964 నుంచి ఓడలు నడుస్తున్నాయి. 2024 డిసెంబరులో దిగువన మ్యూడెన్ దగ్గర ఒక ఓడ లాకు తలుపును గుద్దేస్తే, ఎగువన పదుల కొద్దీ ఓడలు వారాల తరబడి కదల్లేకపోయాయి.

షెంజెన్ చూసి నాకు నవ్వొచ్చింది. హైదరాబాద్‌లో వీసా కోసం మా నాన్నగారి జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పుట్టినతేదీ పత్రం, అన్నీ మూడేసి జిరాక్సులతో మోసుకెళ్లిన రోజుల్లో పదేపదే విన్న పేరు ఇదే. తీరా చూస్తే ఒక గట్టు, కాసిని ఇళ్లు, ఒక పాత కోట బురుజు. 1871లో విక్టర్ హ్యూగో ఇక్కడ ఆగి ఆ బురుజు బొమ్మ గీశాడట. 1985 జూన్ 14న ఈ రేవులో 'ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్' అనే విహారనౌక మీద, తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేస్తామని అయిదు దేశాలు సంతకాలు చేశాయి. మంత్రులెవరూ పెద్దగా పట్టించుకోక సహాయకులను పంపారని చెబుతారు. మూడు దేశాలు కలిసే చోటు కాబట్టి ఇక్కడ పెట్టారు. మేం వెళ్లేసరికి నలభయ్యేళ్ల పండగకు ఊరు ముస్తాబవుతోంది. ముస్తాబులో ఒక వెలితి ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జర్మనీ ఈ సరిహద్దును మూసింది. 2024 సెప్టెంబరులో మళ్లీ వాహనాలు ఆపి తనిఖీ చేయడం మొదలుపెట్టింది. లక్సెంబర్గ్ వద్దు మొర్రో అంటూ వచ్చింది.

వీసాకి ఏమేం అడిగారని తమ్ముడు తెగ ఆసక్తిగా అడిగాడు. వాడు పుట్టి బుద్ధెరిగి ఒక్క వీసా తీసుకోలేదు. నా సంచిలోని ప్లాస్టిక్ ఫోల్డరు తీసి చూపించాను. పాస్‌పోర్టు, నివాస కార్డు, ఇన్సూరెన్స్, స్కూలు ఉత్తరం. ఒక్కో కాగితం ఎందుకో చెబుతుంటే వాడు కథ విన్నట్టు విన్నాడు.

షెంజెన్ దాటితే రెండు గట్లూ ఫ్రాన్స్‌వే. కాసేపటికి కాటెనోమ్ అణు కేంద్రం శీతల గోపురాలు, వాటి మీద ఆవిరి. నాలుగు రియాక్టర్లు. చల్లబరచడానికి మోజెల్ నీళ్లే తోడుకుంటాయి. జర్మనీ తన చివరి రియాక్టర్లను 2023 ఏప్రిల్‌లో మూసేసింది. "మావి మూసుకున్నాం, వీళ్లది మాత్రం మా కిటికీలోంచి కనబడుతుంది" అని అమ్మ విసుక్కుంది. ఆవిరికి సరిహద్దు కాగితాలు అక్కర్లేదు.

మెట్స్‌లో అందరూ చూసేది చిత్రకారుడు శగాల్ రంగు అద్దాలున్న పెద్ద చర్చి. మేమూ చూశాం. బాగుంది. నన్ను ఆపేసింది మాత్రం ఎస్‌ప్లనాడ్ తోటలోని యుద్ధ స్మారకం. ఒక తల్లి ఒళ్లో చనిపోయిన కొడుకు. వాడి ఒంటి మీద యూనిఫాం లేదు, అసలు బట్టలే లేవు. 1871లో జర్మనీ ఈ ఊరిని లాక్కుంది. అందువల్ల మొదటి ప్రపంచయుద్ధంలో మెట్స్ కుర్రాళ్లు జర్మనీ సైనికులుగా చచ్చిపోయారు. 1918లో ఊరు మళ్లీ ఫ్రాన్స్ చేతికొచ్చింది. ఫ్రాన్స్‌కు ఎదురు నిలబడి చచ్చిన కొడుకులకు ఫ్రాన్స్ నేల మీద ఏ బట్టలు తొడగాలి? శిల్పి పాల్ నిక్లోస్ ఏ బట్టలూ తొడగలేదు. ఓమా ఆ తల్లి ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. ఏం ఆలోచిస్తోందో నేను అడగలేదు.

ఆదివారం ఊరి బయట కొండవాలు మీద సీ-షాజెల్‌కు వెళ్లాం. కింద మోజెల్, పైన రాబర్ట్ షూమన్ ఇల్లు. ఈయన 1886లో లక్సెంబర్గ్‌లో జర్మన్ పౌరుడిగా పుట్టాడు, యుద్ధం తర్వాత ఫ్రెంచి పౌరుడయ్యాడు, చివరికి ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి అయ్యాడు. జర్మనీ, ఫ్రాన్స్‌ల బొగ్గునూ ఉక్కునూ ఒకే అజమాయిషీ కిందికి తెద్దామని 1950 మే 9న ప్రకటించింది ఆయనే. తుపాకులు పోతపోసేది వాటితోనే కదా. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు చిన్నది, పుస్తకాలు మాత్రం బోలెడు. ఆయన పుట్టకముందూ, పెద్దయ్యాకా ఈ నది వెంట మనుషుల దేశాలు మారాయి. బహుశా అందుకే సరిహద్దును అంత పవిత్రంగా చూడలేకపోయాడు.

తిరుగు ప్రయాణంలో లక్సెంబర్గ్ వైపు రాలేదు. నది వెంటే వచ్చి పెర్ల్ దగ్గర నేరుగా జర్మనీలోకి దిగాం. అక్కడ పోలీసులు కారు ఆపారు. యువ అధికారి కిటికీలోంచి అందరినీ ఒకసారి చూసి, చెయ్యి నా వైపు చాపాడు. ఫోల్డరు ఇచ్చాను. స్కూలు ఉత్తరం దాకా అన్నీ తిరగేసి, సరిగ్గా ఉన్నాయంటూ నాకు తిరిగిచ్చాడు. అమ్మా నాన్నా కార్డులు చూపించారు. ఓమా తన కార్డుతో పాటు కాఫీ రసీదు కూడా ఇచ్చింది. తమ్ముడు జేబులన్నీ తడుముకుని, స్కూలు బస్సు పాసు తీశాడు. దాని మీద ఫొటో కూడా లేదు.

నన్ను వెళ్లొచ్చన్నారు. కారు కదలడానికి మాత్రం ఇంకో పావుగంట పట్టింది. తమ్ముడు ఎవరో తేలాలి కదా.