పిట్లాక్రీలో చేపల మెట్లు

మొన్న వేసవి సెలవులకు స్కాట్లండు వెళ్ళినప్పుడు, పెర్తుకు ఉత్తరాన పిట్లాక్రీ అనే చిన్న ఊళ్ళో ఆగాము. టీ తాగి పోదామనుకున్నవాళ్ళం, టమ్మెల్ నది ఒడ్డున సాయంత్రం దాకా ఉండిపోయాము.

అక్కడ జలవిద్యుత్తు కోసం 1947–51 మధ్య నదికి ఆనకట్ట కట్టారు. సాల్మన్ చేపలు ఏటా సముద్రం నుండి ఎగువకు వెళ్ళే దారి అదే. అందుకని ఆనకట్ట పక్కన 310 మీటర్ల పొడవున 34 తొట్లు మెట్లు మెట్లుగా అమర్చారు. తొట్టికీ తొట్టికీ మధ్య నీటి అడుగున గొట్టం. చేపలు ఎదురీదుతూ ఒక్కొక్కటే ఎక్కుతాయి. మధ్యలో అలుపు తీర్చుకోవడానికి మూడు పెద్ద తొట్లు కూడా ఉన్నాయి.

సాల్మన్ ఏటి గులకరాళ్ళలో పుడుతుంది. రెండు మూడేళ్ళు అక్కడే పెరిగి సముద్రానికి పోతుంది. గ్రీన్లండు దాకా తిరిగినా, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే వస్తుంది. ఏటిలో అడుగుపెట్టాక మేత ముట్టదు.

ఇది వింటుంటే గోదావరి వాళ్ళకు పులస గుర్తుకు రాకుండా ఉంటుందా? పుస్తెలమ్మి అయినా తినాలనిపించుకున్న ఆ చేప కూడా వరదనీటికి సముద్రం నుండి ఎదురెక్కి వచ్చేదే.

“మరి ధవళేశ్వరం దగ్గర అది ఎలా ఎక్కుతుంది నాన్నా?” అని మా అమ్మాయి అడిగింది.

చాలా మటుకు అక్కడే ఆగిపోతుందని చెప్పాను. 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట మా తాతల పొలాలకు నీళ్ళిచ్చింది. ఆ ఋణం మరువరానిది. కాని ఇన్నాళ్ళూ పులస ధర గురించి మాట్లాడుకున్నానే తప్ప, దాని దారి గురించి ఒక్కనాడూ తలచలేదు.

మెట్లు కట్టినంత మాత్రాన చాలదు. బ్రిటన్‌లో సాల్మన్ 2006 నుండి 30–50 శాతం తగ్గిందని, అంతరించే ప్రమాదంలో ఉన్నదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2023 డిసెంబరులో ప్రకటించింది. వేడెక్కుతున్న నీళ్ళు, మురుగు, పాత అడ్డుకట్టలు, సముద్రంలో చేపలు పెంచే వలల నుండి వ్యాపించే పేలు – కారణాలు అనేకం. మనం దుకాణంలో కొని పులుసు పెట్టుకొనే స్కాట్లండు సాల్మన్ ఆ వలల్లో పెంచినదే. దుకాణంలో నిండుగా ఉన్నదని ఏటిలోనూ ఉన్నదనుకోవడం పొరపాటు.

ఏప్రిల్ నుండి అక్టోబరు లోపల అటు వెళ్ళే సభ్యులు పిల్లలతో తప్పక ఆగి చూడండి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ధవళేశ్వరం కూడా చూపిస్తానని మా అమ్మాయికి మాట ఇచ్చాను.