భిలాయ్ పలక, విశాఖ ఓడ

భిలాయ్ ప్లేట్ మిల్లులో ఎర్రగా కాగిన స్లాబు రోలర్ల మధ్య ముందుకూ వెనక్కూ నలుగుతుంది. నీటి జోరుకు మీది పొలుసు ఊడిపోతుంది, ఆవిరి కమ్మేస్తుంది. చివరికి వెడల్పాటి పలక బయటికొస్తుంది. 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌లో ఇక్కడి పలకలున్నాయి. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్‌ఫర్నేస్ ప్రారంభించిన ఈ ఊరికి సముద్రం మాత్రం రైల్లో ఒక రాత్రి ప్రయాణం.

ఆ దారి రాయపూర్–విజయనగరం లైను. 1931లో పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. మధ్య పరగణాల ఖనిజాన్ని ఓడెక్కించడానికే రెండూ. రాయపూర్ దాటాక మహానది, తర్వాత మహాసముంద్, టిట్లాగఢ్. రాయగడ దగ్గర నాగావళి తోడవుతుంది, కొండలు మీదికొస్తాయి. ఉత్తరాంధ్ర నుంచి భిలాయ్ పనికెళ్లిన కుటుంబాలకు సెలవుల దారి ఇదే. భిలాయ్ టౌన్‌షిప్ సెక్టార్లలో పుట్టి హిందీలో గలగలా మాట్లాడే పిల్లలు పార్వతీపురం రాగానే అమ్మమ్మతో మాట్లాడే తెలుగు వెతుక్కుంటారు. ఎదురుగా విశాఖలో దిగిన విదేశీ కోకింగ్ బొగ్గు భిలాయ్‌కి ఎక్కుతుంటుంది. పాసింజరు లూప్‌లైన్లో పడిందంటే ఆ వ్యాగన్లు లెక్కపెట్టుకోవడమే పని.

విశాఖలో 1948లో జల ఉష ఓడను నెహ్రూ నీళ్లలోకి దించింది సింధియా యార్డు నుంచి. అదే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు. విశాఖవాళ్లు ఆ వైపుని ఇప్పటికీ సింధియా అనే అంటారు. ఇదే విశాఖకి క్రూడ్ తెచ్చే మహా ట్యాంకర్లు మాత్రం లోపలి రేవుకి రాలేవు. మూడు లక్షల టన్నుల సరుకు, 330 మీటర్ల పొడవు, నిండితే ఇరవై మీటర్లకు పైగా నీళ్లలో మునక. అందుకే ఒడ్డుకి దూరంగా తేలే బోయాకు ముక్కు కట్టుకుని, గాలి ఎటు తిప్పితే అటు తిరుగుతూ, సముద్రం అడుగు పైపులోంచి చమురు దించుతాయి. కొంత 1957లో కాల్టెక్స్ పెట్టిన రిఫైనరీకి, అంటే ఇప్పటి హెచ్‌పీసీఎల్‌కి. కొంత చమురు నిల్వకు తవ్విన, 13.3 లక్షల టన్నులు పట్టే భూగర్భ గుహలకి. ఆ గుహలకు ఇనుప తొడుగు లేదు. చుట్టూ రాతి పగుళ్లలోని నీటి ఒత్తిడే చమురుని బయటికి పోనివ్వదు.

ఈ ఓడల్లో కొన్నిటి మీద మన జెండా ఎగురుతుంది గానీ కట్టేది కొరియా, జపాన్, చైనాల్లో. ఆ సైజు ట్యాంకరు మనదేశంలో ఇంతవరకు ఒక్కటీ కట్టలేదు. నాకిది వెలితిగానే ఉంటుంది. ఒక్కోదానికి సుమారు 40 వేల టన్నుల ఉక్కు పడుతుంది. పలక తయారీ భిలాయ్‌కి కొత్త కాదు. లేనిది అంత ఓడ పట్టే డాక్, దాన్ని ఖాళీగా ఉంచని ఆర్డర్లు. కొచ్చిలో 2024లో ప్రారంభించిన కొత్త డ్రైడాక్ పొడవు 310 మీటర్లు. ఓడకి ఇంకో ఇరవై కావాలి.