తారిణిలో కనిపించని పని

పొలసరలో ఉండేవాళ్లకి తారాతారిణి కొండ దూరమేం కాదు. పురుషోత్తంపురం దగ్గర, ఋషికుల్య ఒడ్డున, 999 మెట్లెక్కితే అమ్మవారు. ఆ పేరే మన నౌకాదళం 2017లో ఒక తెరచాప పడవకి పెట్టుకుంది: ఐఎన్ఎస్‌వీ తారిణి. ఆ ఏడు సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూగోళం చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చింది. పడవలో ఆరుగురూ ఆడవాళ్లే. వాళ్లలో స్వాతి గారిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్య గారిది హైదరాబాదు. మన జిల్లా దేవత పేరున్న పడవలో మన తెలుగు ఆడపిల్లలు వెళ్లారన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా సంతోషమే.

అలల గురించి, గాలుల గురించి అందరూ రాశారు. ఇలాంటి ప్రయాణాల్లో మరుగుదొడ్డి ఎలా నడుస్తుందో ఎవరూ రాయరు. అది ఆగితే పడవలో బతుకే ఆగుతుంది.

చిన్న తెరచాప పడవల్లో ఎక్కువగా ఉండేది చేతిపంపు దొడ్డి. పిడి పైకి లాగితే తొట్టిలోది పంపులోకి దిగుతుంది. కిందికి నొక్కితే అది బయటి గొట్టంలోకి పోతుంది, అదే ఊపులో సముద్రపు నీళ్లు పిస్టన్ పైభాగానికి చేరతాయి. మన ఊరి బోరింగు విప్పినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు: వాషరు అరిగితే ఎంత కొట్టినా దండగే.

అసలు తగాదా బయటికి పోయే దారిలో ఉంటుంది. అక్కడో రబ్బరు వాల్వు, రెండు మెత్తటి పెదవులు. మురుగుని పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. మూత్రం సముద్రపు నీళ్లతో కలిసి సున్నంలా గడ్డకడుతుంది. ఆ తెల్లటి పెచ్చు పెదవుల మీద పేరుకుంటే అవి మూసుకోవు. తొట్టిలోకి మెల్లగా నీళ్లు తిరిగొస్తున్నాయంటే వాల్వు మార్చే వేళ వచ్చిందని. గొట్టాల్లోనూ ఇదే పెచ్చు, లోపలి దారి ఇరుకవుతుంది. రాత్రి వెనిగర్ పోసి వదిలితే పలచటి పొర కరుగుతుంది. ముదిరితే గొట్టం ఊడదీయడమే.

ఇంకో సంగతి. బయటి గొట్టం లోపలి వెడల్పు సాధారణంగా 38 మిల్లీమీటర్లు. అంటే మీటరుకి లీటరు పైచిలుకు పడుతుంది. తొట్టి శుభ్రమవగానే పంపు ఆపేస్తే మురుగంతా గొట్టంలోనే నిలుస్తుంది, వాసనకీ పెచ్చుకీ అదే మూలం. గొట్టం ఖాళీ అయ్యేదాకా కొట్టాలి. ఎంత అలసిపోయినా, పడవ ఎంత ఒరిగినా.

వీటన్నిటికన్నా ప్రాణం మీదికి తెచ్చేది నీటిమట్టానికి కింద ఉన్న తొట్టి. గొట్టాన్ని నీటిమట్టం పైదాకా ఎత్తి వంచి, వంపు మీద గాలి వాల్వు పెడతారు. ఆ గాలి కన్నం ఉప్పు పట్టి పూడితే సముద్రం తనంతట తానే లోపలికి పారుతుంది. పడవలు ఇలా మునిగాయి. అందుకే వాడని వేళల్లో పడవ అడుగున ఈ గొట్టాలకుండే కుళాయిలు కట్టేస్తారు. ఆ కుళాయిలు కూడా బిగుసుకుపోకుండా అప్పుడప్పుడూ తిప్పుతుండాలి.

2024 అక్టోబరులో దిల్నా, రూప అనే ఇద్దరే అధికారిణులు అదే తారిణిలో మళ్లీ ప్రపంచం చుట్టడానికి బయలుదేరారు, 2025 మేలో తిరిగొచ్చారు. ఇద్దరే ఉన్నచోట పంపు చెడితే ఒకరు చుక్కాని దగ్గర, రెండోవారు స్పానరు పట్టుకుని దొడ్డిలో మోకాళ్ల మీద. తెరచాప దించినంత గౌరవం ఆ పనికీ దక్కాలి. రేవు వదిలేముందు విడి వాల్వులు రెండు, సీళ్ల సెట్టు ఒకటి, సిలికాన్ గ్రీజు డబ్బా బియ్యం బస్తాతో పాటే ఎక్కాలి.